మైలేజీ పడిపోయిందా? ఇంజిన్ విప్పే ముందు వెనక చక్రం తిప్పి చూడండి

పెట్రోలు ధర పెరగ్గానే మెకానిక్ దగ్గర ఒకే మాట ఎక్కువగా వినిపిస్తుంది: “మైలేజీ పడిపోయింది, కొంచెం ట్యూనింగ్ చేసిపెట్టన్నా.” వెంటనే ప్లగ్ మారుతుంది, కార్బ్యురేటర్ స్క్రూ తిరుగుతుంది, ట్యాంకులో ఏదో సీసా ఒంపుతారు. బండి మాత్రం అంతే తాగుతుంది. మైలేజీ నిజంగా తగ్గిందా అని కొలిచేవాళ్లు తక్కువ, చక్రాన్ని చేత్తో తిప్పి చూసేవాళ్లు ఇంకా తక్కువ. ఈ రెండూ పానా పట్టకుండా అయ్యే పనులు. దయచేసి ముందు వీటిని చేయండి.

ఇక్కడ చెప్పేది ముఖ్యంగా గేర్ల మోటార్ సైకిల్ గురించి. స్కూటర్‌కూ కారుకూ తేడా ఉన్నచోట ఆ సంగతి విడిగా చెబుతాను.

లక్షణం: ఎప్పుడూ కొట్టించే డబ్బుకే కొట్టిస్తున్నా, పెట్రోలు ముందే అయిపోతోంది

బండిలో తప్పేమీ లేకపోవచ్చు. ధర 10 శాతం పెరిగితే అదే డబ్బుకు వచ్చే పెట్రోలు సుమారు 9 శాతం తగ్గుతుంది. అంటే 300 కిలోమీటర్లు వెళ్లే బండి 273 దగ్గరే ఆగుతుంది. లెక్క డబ్బుల్లో కాదు, లీటర్లలో వేయాలి. రసీదు మీద లీటర్ల అంకె చూడండి.

సరిగ్గా కొలవాలంటే ఫుల్ ట్యాంక్ పద్ధతి ఒక్కటే దారి. పంపు గన్ దానంతటదే ఆగేదాకా కొట్టించి ట్రిప్ మీటర్ సున్నా చేయండి. కనీసం 200 కిలోమీటర్లు రోజూ నడిపినట్టే నడిపి, మళ్లీ అలాగే నింపండి. నడిచిన కిలోమీటర్లను రెండోసారి పట్టిన లీటర్లతో భాగిస్తే వచ్చేదే మైలేజీ. రెండుసార్లూ బండి ఒకే స్టాండు మీద ఉండాలి. సైడ్ స్టాండ్ మీద ఒకసారి, సెంటర్ స్టాండ్ మీద ఒకసారి నింపితే ట్యాంకులో మట్టం మారిపోతుంది. ఒక లీటరు పోయించి ఎంత దూరం వచ్చిందో చూసే పద్ధతిని నమ్మకండి. నింపడంలో పావు లీటరు అటూ ఇటూ అయితే ఒక లీటరు మీద 25 శాతం తప్పు వస్తుంది, ఐదు లీటర్ల మీద అదే 5 శాతమే.

లక్షణం: కొలిస్తే నిజంగానే తగ్గింది, కానీ 5 శాతం లోపే

టైర్లలో గాలి చూడండి. బండి కనీసం మూడు గంటలు నిలిచి, టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. నడిచొచ్చిన టైరు వేడికి కొన్ని పీఎస్ఐలు ఎక్కువ చూపిస్తుంది, దాన్ని నమ్మి గాలి తీసేస్తే తెల్లారేసరికి తక్కువైపోతుంది. ఎంత ఉండాలన్నది చెయిన్ కవర్ మీదో, వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్ మీదో ఉన్న స్టిక్కర్ చెబుతుంది. వెనక మనిషి కూర్చుంటే వెనక టైరుకు వేరే అంకె ఉంటుంది. బొటనవేలితో నొక్కి ‘బాగానే ఉంది’ అనుకోవడం కొలత కాదు.

గాలి సరిగ్గా ఉంటే, పెట్రోలులో ఇథనాల్ పాలు పెరిగిందేమో చూడండి. లీటరుకు లీటరు పోల్చితే ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే దాదాపు మూడో వంతు తక్కువ. 10 శాతం కలిపిన ఇంధనం నుంచి 20 శాతం కలిపినదానికి మారితే శక్తి మూడు నాలుగు శాతం తగ్గుతుంది. దానికి రిపేరు లేదు. అయితే 15 శాతం తగ్గుదలను కూడా ఇథనాల్ ఖాతాలో వేసి ఊరుకోకండి.

లక్షణం: 10 శాతం పైగా తగ్గింది. స్టార్టింగ్ బాగుంది, పికప్ ఫరవాలేదు, పొగ లేదు

ఇంజిన్ శుభ్రంగా నడుస్తూ మైలేజీ మాత్రం పడిపోతే అనుమానించాల్సింది బ్రేకుని. ఎక్కువసార్లు వెనక డ్రమ్ బ్రేకుని. ఇది దొంగ జబ్బు. బండిని ఆపేంతగా పట్టదు, శబ్దం పెద్దగా చేయదు. బ్రేకు షూల మీద అతికించిన లైనర్ (రాపిడి పొర) చక్రంతో తిరిగే డ్రమ్‌ని ఒరుసుకుంటూ ఉంటుంది, ఆ ఒరిపిడిని గెలవడానికి మీరు తెలియకుండానే ఎక్సలరేటర్ ఇంకాస్త తిప్పుతారు. మార్పు ఒక్క రోజులో వచ్చినా అది చేతికి తెలియదు.

మొదటి ప్రశ్న: మైలేజీ తగ్గడానికి ముందు వెనక చక్రం మీద ఎవరైనా చేయి వేశారా? చెయిన్ టైటు చేయించారా, పంక్చర్ వేయించారా? చాలా బళ్లలో జబ్బు అక్కడే మొదలవుతుంది. ఎందుకో చూడండి. చెయిన్ బిగించాలంటే చక్రాన్ని వెనక్కి జరపాలి. చక్రంతోపాటు బ్రేక్ ప్లేటూ (డ్రమ్ మూత) దాని ఆర్మూ (లోపలి బ్రేకును తిప్పే చేయి) వెనక్కి వెళ్తాయి. కానీ పెడల్ నుంచి వచ్చే బ్రేక్ రాడ్ పొడవు మారదు. కాబట్టి చక్రం వెనక్కి జరిగినంత మేరా రాడ్ ఆర్మ్‌ని ముందుకు లాగి పట్టుకుంటుంది, అంటే కొంచెం బ్రేకు నొక్కినట్టే. చెయిన్ సవరించిన ప్రతిసారీ బ్రేక్ నట్టు వదులు చేసి మళ్లీ కుదర్చాలి. హడావిడిలో దీన్ని వదిలేస్తారు. పంక్చర్ వేసినప్పుడు ఇంకో రకం పొరపాటు జరుగుతుంది: బ్రేకు బాగా పడాలని నట్టుని చేతికి ఆగేదాకా బిగించేస్తారు.

రెండో మోసం ఏమిటంటే, చల్లగా ఉన్నప్పుడు చక్రం తేలిగ్గానే తిరుగుతుంది. ఒరిపిడికి వేడెక్కాక లోపలి భాగాలు ఉబ్బి ఆ కాస్త సందూ మూసుకుపోతుంది. షెడ్డులో గంటసేపు నిలబెట్టిన బండి చక్రం తిప్పి చూసి ‘ఫ్రీగానే ఉంది’ అంటే ఆ పరీక్షకు విలువ లేదు.

కాబట్టి ఇలా చూడండి. ఏడెనిమిది కిలోమీటర్లు బ్రేకు వీలైనంత తక్కువ వాడుతూ నడపండి. చివర్లో ఎక్సలరేటర్ వదిలి, గేర్లు తగ్గించుకుంటూ ఆపండి. ఆపగానే వెనక హబ్ (చక్రం నడిమి భాగం) దగ్గరికి అరచేయి తీసుకెళ్లండి, వెంటనే ముట్టుకోకండి. బ్రేకు వాడని హబ్ గోరువెచ్చగా ఉండాలి. దూరం నుంచే సెగ తగిలితే బ్రేకు పట్టేస్తోందని అర్థం. అప్పుడే, వేడి మీదే, సెంటర్ స్టాండ్ వేసి న్యూట్రల్‌లో చక్రం తిప్పండి. చెయిన్ లాగుడు ఉంటుంది కాబట్టి చాలాసేపు తిరగదు, ఒక్క తోపుకి రెండు చుట్లు తిరిగితే బాగున్నట్టే. పెడల్ ఒకసారి గట్టిగా తొక్కి వదిలి మళ్లీ తిప్పండి. మొదటిసారి కంటే బిగుసుగా ఉంటే బ్రేకు వెనక్కి రావడం లేదు.

ఇక కారణాన్ని విడదీయాలి. బ్రేక్ రాడ్ నట్టు నాలుగైదు చుట్లు వదులు చేయండి. చక్రం వదులైతే సెట్టింగ్ తప్పు, అంతే. పెడల్ చివర 20 నుంచి 30 మిల్లీమీటర్ల ప్లే (బ్రేకు పట్టేలోపు ఖాళీగా కదిలే దూరం) వచ్చేలా నట్టు కుదర్చండి (మీ బండి పుస్తకంలో వేరే అంకె ఉంటే అదే పాటించండి). నట్టు ముఖం మీద ఒక గాడి ఉంటుంది, అది ఆర్మ్ పిన్ను మీద సరిగ్గా కూర్చోవాలి. గాడి పక్కకు ఎక్కి ఆగిపోతే మీరు అనుకున్న ప్లే రాదు. చివరగా బ్రేక్ లైటు చూడండి. పెడల్ వదిలాక లైటు ఆరాలి, కొంచెం తొక్కగానే వెలగాలి.

నట్టు వదిలినా చక్రం బిగుసుగానే ఉంటే రాడ్‌ని ఆర్మ్ నుంచి పూర్తిగా విడదీయండి. ముందు పెడల్‌ని ఒక్కదాన్నే చేత్తో నొక్కి వదలండి. అది తనంతట పైకి రాకపోతే పెడల్ ఇరుసు ఎండిపోయి తుప్పు పట్టింది. బురదా నీళ్లూ ముందు తగిలేది దానికే. విప్పి, తుప్పు గీకి, గ్రీజు పెట్టాలి. పెడల్ బాగుంటే ఆర్మ్‌ని చేత్తో తిప్పి వదలండి. అది ఠక్కున వెనక్కి రాకపోతే జబ్బు డ్రమ్ లోపల, క్యామ్ (షూలను డ్రమ్ మీదికి తోసే ముక్క) ఇరుసు దగ్గర.

చక్రం తీయక తప్పదు. లోపలి పొడిని నోటితో ఊదకండి, గాలి పైపూ పెట్టకండి, తడిగుడ్డతో తుడవండి. ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. క్యామ్ బయటకు లాగి ఇరుసునీ అది తిరిగే రంధ్రాన్నీ ఎమరీ పేపరుతో నునుపు చేసి, వేడికి కారని గ్రీజు పలచగా పూయండి. లైనర్ మీదికి ఒక్క చుక్క పోయినా బ్రేకు పనిచేయదు. సాగిపోయిన స్ప్రింగులు మళ్లీ వేయకండి. లైనర్ 2 మిల్లీమీటర్లకు వచ్చి ఉంటే షూలు మార్చేయండి: షూ అరిగేకొద్దీ క్యామ్ ఎక్కువ తిరగాల్సి వస్తుంది, ఒక హద్దు దాటాక తిరిగి రావడానికి మొరాయిస్తుంది. బిగించేటప్పుడు యాక్సిల్ నట్టు చివరి బిగింపు, పెడల్ తొక్కి పట్టుకుని చేయాలి. షూలు డ్రమ్ మధ్యలో కుదురుకుంటాయి. ఈ ఒక్క పని చేయకపోవడం వల్లే కొత్త షూలు కూడా ఒకవైపు ఒరుసుకుంటాయి.

అన్నీ బాగున్నా హబ్ వేడెక్కుతుంటే మీ పాదాన్ని చూసుకోండి. పెడల్ మీద కాలు ఆనించి నడిపే అలవాటు చాలామందికి ఉంటుంది, వాళ్లకే తెలియదు. వెనక ఇంకో బండి మీద ఒకరిని రమ్మని, బ్రేక్ లైటు ఎప్పుడు వెలుగుతోందో గమనించమనండి. పెడల్ ఎత్తు పాదానికి ఎక్కువైతే ఆ ఎత్తు తగ్గించాలి.

స్కూటర్లలో రాడ్ బదులు కేబుల్ ఉంటుంది. లివర్ చివర 10 నుంచి 20 మిల్లీమీటర్ల ప్లే ఉండాలి. కేబుల్ లోపల తుప్పు పడితే సెట్టింగ్ ఎంత మార్చినా లాభం లేదు, కేబుల్ మార్చాలి. ఒకే లివర్‌తో రెండు చక్రాలూ పట్టే కాంబీ బ్రేక్ బండైతే ముందు చక్రాన్ని కూడా తిప్పి చూడండి. కారులో హ్యాండ్ బ్రేక్ కేబుల్ ఎక్కువ బిగిస్తే వెనక చక్రాలకు ఇదే గతి. నడిపి ఆపాక ఎడమ కుడి చక్రాల వేడి పోల్చితే దొరికిపోతుంది.

అదే లక్షణం, కానీ డిస్క్ బ్రేక్

ప్యాడ్లు డిస్క్‌ని సన్నగా తాకే చప్పుడు మామూలే. వేడి మీద చక్రం బరువుగా తిరిగితే మాత్రం కాలిపర్ (ప్యాడ్లను నొక్కే భాగం) జారే పిన్నులు ఎండిపోయి ఉంటాయి, లేదా పిస్టన్ చుట్టూ మురికి పేరుకుని ఉంటుంది. పిన్నులకు సిలికాన్ గ్రీజే వాడాలి. మామూలు గ్రీజు తగిలితే రబ్బరు ఉబ్బి పిన్నులు ఇంకా బిగుస్తాయి. కొత్త లివర్ బిగించాక మొదలైందా? లివర్‌కు కొంచెమైనా ఖాళీ ప్లే లేకపోతే మాస్టర్ సిలిండర్‌లో (లివర్ నొక్కితే బ్రేకు ఫ్లూయిడ్‌ను తోసే భాగంలో) ఫ్లూయిడ్ వెనక్కి వెళ్లే రంధ్రం మూసుకుపోతుంది, వేడికి ఫ్లూయిడ్ ఉబ్బి బ్రేకు తనంతట పట్టేస్తుంది.

లక్షణం: మైలేజీతో పాటు నల్లపొగ, పెట్రోలు వాసన, లేదా రేసింగ్ పెరిగినా స్పీడు రాకపోవడం

ఇప్పుడు ఇంజిన్ వైపు వెళ్లండి. ప్లగ్ నల్లగా మసిబారితే మిశ్రమంలో పెట్రోలు ఎక్కువ. చోక్ పూర్తిగా వెనక్కి వచ్చిందా, ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయిందా చూడండి. నూనె పట్టించిన కాగితం ఫిల్టర్‌ని గాలితో ఊదితే పాడవుతుంది, మార్చడమే. ఇంజెక్షన్ బండి అయితే డాష్‌బోర్డు మీద ఇంజిన్ లైటు వెలుగుతోందా అన్నది మొదటి ప్రశ్న. ఇంజిన్ ఎప్పుడూ చల్లగా ఉందని ఉష్ణోగ్రత సెన్సర్ తప్పు చెబితే కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది. రేసింగ్ పెరిగి స్పీడు రాకపోతే క్లచ్ జారుతోంది. ముందు క్లచ్ కేబుల్ ప్లే చూడండి, ప్లేట్లు తర్వాత.

చక్రం బేరింగ్, వంగిన యాక్సిల్, ట్యాంకు లీకు అరుదు. వాటికి శబ్దమో ఊగుడో వాసనో ముందే వస్తుంది. పెట్రోలు పైపుకి చుట్టే అయస్కాంతాలకీ, పుస్తకం అడగని ఎక్కువ ఆక్టేన్ పెట్రోలుకీ డబ్బు పెట్టకండి.

ఏది సరిచేసినా, ఒకసారి ఒకటే మార్చండి. బ్రేకు, ప్లగ్, ఫిల్టర్ ఒకేరోజు చేయిస్తే ఏది పనిచేసిందో తెలియదు, మళ్లీ తగ్గినప్పుడు మూడూ మళ్లీ చేయించాల్సి వస్తుంది. రెండు ఫుల్ ట్యాంకులు కొలిచి, అంకెనూ ఓడోమీటర్‌నూ రాసిపెట్టుకోండి. పక్కనే చెయిన్ ఎప్పుడు బిగించారో ఆ తేదీ కూడా రాయండి.