"సరే సర్" అన్నంత మాత్రాన ఒప్పుకున్నట్టేనా? మాజీ సైనికులతో కలిసి చికిత్స నిర్ణయించే పద్ధతి

స్కిజోఫ్రీనియా, బైపోలార్ లాంటి తీవ్రమైన మానసిక జబ్బుతో అమెరికాలోని వీఏ (మాజీ సైనికుల వ్యవహారాల శాఖ) క్లినిక్‌కు వచ్చిన మాజీ సైనికుడు, మందు మారుద్దామనగానే "సరే సర్" అంటే కాస్త అనుమానించాలి. పైవాళ్ళ మాట ప్రకారం నడవడం ఏళ్ళ తరబడి అలవాటైన మనిషి ఆయన. నిజంగా ఒప్పుకున్నాడా, మాటవరసకు తలూపాడా అన్నది కొన్ని నెలల తర్వాత, రీఫిల్ తీసుకోలేదని ఫార్మసీ రికార్డు చూపించినప్పుడు గానీ తెలియదు. కాబట్టి ఆయన "వద్దు" అనగలిగే వీలు డాక్టరుగా మీరే ముందు కల్పించాలి.

అపాయింట్‌మెంట్‌కు ముందు

వారం ముందే ఒక కాగితం అందేలా చూడండి. మై హెల్తీవెట్ (వీఏ ఆన్‌లైన్ పోర్టల్) వాడేవాళ్ళకు మెసేజ్ పెట్టినా సరిపోతుంది. మూడు ప్రశ్నలు చాలు: ఇప్పటి మందుల్లో ఏది ఇబ్బంది పెడుతోంది? మళ్ళీ ఏ పని చేయగలగాలని ఉంది? ఈసారి తప్పక అడగాల్సిందేమిటి? పది ప్రశ్నలిస్తే కాగితం ఖాళీగా తిరిగొస్తుంది. క్లినిక్‌లో రోగులకు తోడుగా పనిచేసే పీర్ స్పెషలిస్టులు కూడా మాజీ సైనికులే, మానసిక వ్యాధి నుంచి కోలుకున్నవాళ్ళే. వాళ్ళలో ఒకరు పావుగంట పక్కన కూర్చుని రాయిస్తే, డాక్టర్ ముందు నోరు దాటని మాటలు బయటికొస్తాయి. స్కిజోఫ్రీనియాకు వాడే రిస్పెరిడోన్ వల్ల వచ్చే లైంగిక సమస్యలు అలాంటివే. వాటి గురించి సూటిగా అడగాలి, లేకపోతే ఎవరూ చెప్పరు.

నిర్ణయించే స్థితిలో ఉన్నారా?

జబ్బు పేరు చూసి తేల్చకండి. గొంతులు వినిపిస్తున్న మనిషి కూడా తన మందు గురించి చక్కగా ఆలోచించగలడు. చూడాల్సినవి నాలుగు: చెప్పింది అర్థమైందా, అది తనకు వర్తిస్తుందని గ్రహించారా, లాభనష్టాలు తూచగలుగుతున్నారా, ఏదో ఒకటి ఎంచుకుని చెప్పగలుగుతున్నారా. ఇది ఆ ఒక్క నిర్ణయానికి, ఆ రోజుకు మాత్రమే వర్తిస్తుంది. ఈ రోజు కుదరకపోయినా, తొందర లేకపోతే, వారం ఆగి మళ్ళీ కూర్చోండి.

గదిలో

"దార్లు ఒకటికన్నా ఎక్కువున్నాయి, మీకేది ముఖ్యమో తెలియకుండా నేను చెప్పలేను" అంటూ మొదలుపెట్టండి. ఒకేసారి మూడింటికి మించి చెప్పొద్దు. ఈ జబ్బుల్లో ఏకాగ్రత, జ్ఞాపకశక్తి దెబ్బతింటాయి, నాలుగోది చెప్పేసరికి మొదటిది మర్చిపోతారు. నోటితో చెబుతూనే కాగితం మీద రాయండి.

ఉదాహరణకు, స్కిజోఫ్రీనియాకు రెండు మందులు సరైన మోతాదులో, ఒక్కొక్కటి కనీసం ఆరు వారాలు వాడినా లక్షణాలు తగ్గలేదనుకుందాం. కాగితంలో మొదటి గడి క్లోజపిన్‌ది: ఫలితం బాగుండే అవకాశం ఎక్కువ. కానీ బరువు పెరగొచ్చు, చొంగ కారొచ్చు, మలబద్ధకం ప్రమాదకరంగా మారొచ్చు. తెల్ల రక్తకణాలు బాగా పడిపోవడం 100 మందిలో ఒకరికన్నా తక్కువ మందికే. అందుకోసమే మొదటి ఆరు నెలలు వారానికోసారి, తర్వాతి ఆరు నెలలు రెండు వారాలకోసారి, ఆపైన నెలకోసారి రక్తపరీక్ష. రోగుల పేర్లు నమోదు చేయాలన్న రిజిస్ట్రీ నిబంధనను అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2025లో తీసేసింది, పరీక్షల సూచన మాత్రం లేబుల్‌లో ఉంది. రెండో గడి: ఇప్పటి మందునే నెలకోసారి ఇంజెక్షన్‌గా. మాత్రలు మధ్యమధ్య తప్పుతున్నాయంటే ముందు తూచాల్సింది దీన్నే. మూడో గడి: ఏమీ మార్చకపోవడం. దాని నష్టాలూ రాయాలి. ఆయన పొగతాగుతుంటే ఇంకో మాట: క్లోజపిన్ వాడుతూ సిగరెట్ ఒక్కసారిగా మానేస్తే రక్తంలో మందు స్థాయి పెరిగిపోతుంది, ముందే చెప్పమనండి.

బైపోలార్‌కు వాడే లిథియం అయితే మోకాళ్ళు, నడుం నొప్పులకు ఏం వేసుకుంటున్నారో అడగండి. సర్వీసులో ఉన్నప్పటి నుంచీ ఐబుప్రోఫెన్ మింగే అలవాటున్నవాళ్ళు చాలామంది. అది లిథియం స్థాయిని పెంచుతుంది. లిథియం రక్తపరీక్ష చివరి మోతాదు తర్వాత 12 గంటలకు చేయించాలి. గర్భం దాల్చే వయసులో ఉన్న మహిళలతో వాల్‌ప్రోయేట్ మాట ఎత్తేముందే పిల్లల ఆలోచన గురించి మాట్లాడాలి, ఆ మందు కడుపులోని బిడ్డకు హాని చేయగలదు.

ఎక్కడ బెడిసికొడుతుంది

బయటికి చెప్పని భయాల దగ్గర. బాగుందంటే డిజేబిలిటీ రేటింగ్ (వైకల్య భృతిని నిర్ణయించే శాతం) తగ్గిస్తారేమో, బాగాలేదంటే తుపాకీ తీసుకుంటారేమో. రెండూ మీరే ఎత్తండి. వీఏ తుపాకీ తాళాలు ఉచితంగా ఇస్తుంది, ఆ మాటతో మొదలుపెడితే సంభాషణ బెదిరింపులా వినిపించదు.

"మందు మానేస్తా" అంటే వాదించకండి. అప్పటికే సగం మానేసి ఉండొచ్చు. ప్రమాదం తక్షణమే లేకపోతే బేరానికి రండి: ఒక్క మందే, మెల్లగా, తేదీలు రాసుకుని తగ్గిద్దాం. నిద్ర ఎన్ని రాత్రులు చెడితే మీకు ఫోన్ చేయాలో, ఇంట్లో ఎవరు గమనించాలో అదే కాగితం మీద ఉండాలి. ఇంట్లోవాళ్ళతో మాట్లాడటానికి ఆయన అనుమతి అప్పుడే తీసుకోండి. కింద సంక్షోభ నంబర్: 988, తర్వాత 1 నొక్కాలి.

స్థిమితంగా ఉన్న రోజుల్లో వీఏ ఫారం 10-0137 (ముందస్తు వైద్య నిర్ణయాల పత్రం) నింపించండి. జబ్బు ముదిరినప్పుడు తన తరఫున ఎవరు మాట్లాడాలి, మానసిక చికిత్సలో ఏది ఇష్టం, ఏది వద్దు అన్నది అందులో రాయొచ్చు. ఇద్దరు సాక్షుల సంతకాలు కావాలి.

వెళ్ళేముందు "అర్థమైందా?" అని అడిగితే మళ్ళీ "సరే సర్" అనే వస్తుంది. దానికి బదులు "ఇంటికెళ్ళి ఏం నిర్ణయించామని చెబుతారు?" అని అడగండి. తప్పు చెబితే మీరు సరిగ్గా చెప్పలేదన్నమాట, ఇంకోలా చెప్పి మళ్ళీ అడగాలి. నోట్‌లో "నిరాకరించాడు" అని కాకుండా ఎందుకు వద్దన్నారో ఆయన మాటల్లోనే రాయండి, ఆ నోట్ ఆయనా చదువుతారు.