మోడల్ ఏ బాడీ, 32 ఫోర్డ్ ఫ్రేమ్: రెండు కిట్ల నుంచి ఒక హాట్ రాడ్

1929 ఫోర్డ్ మోడల్ ఏ రోడ్‌స్టర్ బాడీని 1932 ఫోర్డ్ ఫ్రేమ్ మీద కూర్చోబెట్టడం అమెరికా హాట్ రాడ్లలో (వేగం కోసం మార్చి కట్టిన పాత కార్లలో) బాగా పేరున్న జోడీ. 32 ఫ్రేమ్ పట్టీల పక్కన పొడవునా ఒక నొక్కు గీత ఉంటుంది. ఫెండర్లు తీసేశాక ఆ గీత బయటపడి కారుకి నిండుదనం తెస్తుంది. మోడల్ ఏ ఫ్రేమ్‌కి ఆ అందం లేదు. భాగాలు అతికించి చిన్న నమూనా కార్లు కట్టే ప్లాస్టిక్ కిట్లలోనూ ఇదే జోడీ కట్టవచ్చు, కానీ రెండు పెట్టెల్లోని భాగాలు వాటంతట అవి కలవవు.

ముందు స్కేలు, అంటే నమూనా అసలు కారులో ఎన్నో వంతో, తేల్చుకోండి. కిట్ కంపెనీల్లో ఏఎంటీ కార్లు ఎక్కువగా 1/25, మోనోగ్రామ్ పాత హాట్ రాడ్లు 1/24. మోనోగ్రామ్ అచ్చులు తర్వాత రెవెల్ పెట్టెల్లో కూడా వచ్చాయి కాబట్టి రెవెల్ పేరు చూసి స్కేలు ఊహించకండి. అసలు 32 ఫోర్డ్ వీల్‌బేస్ 106 అంగుళాలు. 1/25లో అది 107.7 మి.మీ., 1/24లో 112.2 మి.మీ. ముందు ఇరుసు మధ్య నుంచి వెనక ఇరుసు మధ్యకి వెర్నియర్ కాలిపర్‌తో కొలిస్తే సంగతి తెలిసిపోతుంది. ఫ్రేమ్, బాడీ మాత్రం తప్పకుండా ఒకే స్కేలువి కావాలి. కార్బ్యురేటర్లు, సీటు, స్టీరింగ్ వీల్ లాంటివి 1/24 నుంచి తెచ్చుకున్నా నాలుగు శాతం తేడా కంటికి ఆనదు. వెనక టైర్లయితే ఆ కాస్త పెద్దవైతేనే బాగుంటాయి.

చక్రాలు, టైర్లు మొదటే ఎంచుకుని ఫ్రేమ్‌ని వాటి మీద నిలబెట్టండి. ముక్కు ఎంత వాలిందో తెలిస్తేనే ఇంజిన్ ఏ కోణంలో ఉండాలో తెలుస్తుంది. జిగురు పెట్టకుండా సరిచూసేటప్పుడు బ్లూ ట్యాక్ (మెత్తటి అంటు ముద్ద) వాడితే దాని మందం కొలతలో కలిసిపోతుంది. చిన్న ఫెవికాల్ చుక్క నయం, తర్వాత నీళ్లతో వదిలిపోతుంది.

ఈ పనికంతటికీ ఆయువుపట్టు ఫైర్‌వాల్, అంటే ఇంజిన్‌కీ కూర్చునే చోటుకీ మధ్య గోడ. బాడీ, ఫ్రేమ్, ఇంజిన్, బానెట్ నాలుగూ కలిసేది అక్కడే. మోడల్ ఏ వీల్‌బేస్ 103.5 అంగుళాలు, అంటే 32 ఫోర్డ్ కంటే 2.5 అంగుళాలు తక్కువ. 1/25లో ఇది సుమారు 2.5 మి.మీ. బాడీ వెనక వంపు మధ్యకి వెనక చక్రం వచ్చేలా పెట్టండి. ఆ 2.5 మి.మీ. ఫైర్‌వాల్‌కీ ముందు ఇరుసుకీ మధ్య మిగులుతుంది. ఇంజిన్‌కి దొరికిన అదనపు జాగా అదే. బాడీని ముందుకి జరిపి దాన్ని పోగొట్టుకోకండి. స్థానం కుదిరాక ఫైర్‌వాల్ గీతను ఫ్రేమ్ రెండు పట్టీల మీదా పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. ఇక ప్రతి కొలతా ఆ గుర్తు నుంచే.

ఇప్పుడు పైనుంచి చూడండి. ఫైర్‌వాల్ దగ్గర 32 ఫ్రేమ్ మోడల్ ఏ బాడీ కంటే వెడల్పు, కాబట్టి రెండు పక్కలా చిన్న అరుగులాగా బయటికి వస్తుంది. అసలు కార్లలోనూ ఇదే ఇబ్బంది, అందుకే అక్కడ ఫ్రేమ్‌ని లోపలికి నొక్కుతారు. పక్కకి 0.4 మి.మీ. లోపు ఉంటే ఫ్రేమ్ పై అంచుని లోపలి వైపు కొద్దిగా ఏటవాలుగా అరగదీస్తే సరిపోతుంది. 0.8 ఉందనుకోండి, ఫైర్‌వాల్ దగ్గరలోని అడ్డపట్టీ మధ్యలోంచి 1.6 మి.మీ. ముక్క రేజర్ సాతో (సన్నని చిన్న రంపంతో) తీసేయండి. గుర్తు పెట్టిన చోట పట్టీ లోపలి ముఖం మీద సగం మందం దాకా ఒక కోత పెట్టండి. బయటి ముఖం జోలికి వెళ్లకండి, నొక్కు గీత పోతుంది. పట్టీని మెల్లగా లోపలికి నొక్కితే ఆ కోత కాస్త తెరుచుకుంటుంది. అందులో సన్నని స్టైరీన్ (కిట్ ప్లాస్టిక్) పీలిక దూర్చి పల్చని ప్లాస్టిక్ సిమెంట్ (ప్లాస్టిక్‌ని కరిగించి అతికే జిగురు) పారించండి, పైన 0.5 మి.మీ. షీటు ముక్క అతికించండి. చదునైన గాజు పలక మీద టేపుతో బిగించి రాత్రంతా వదిలేయాలి. తొందరపడి తీస్తే ఫ్రేమ్ మెలి తిరుగుతుంది, ఒక చక్రం గాలిలో నిలుస్తుంది.

బాడీ అడుగున మోడల్ ఏ ఫ్రేమ్ గుర్తులుంటే కోసేసి, గాజు మీద పరిచిన 400 నంబరు వాటర్ పేపర్ మీద రుద్ది చదును చేయండి. మోడల్ ఏ పెట్రోల్ ట్యాంకు డ్యాష్‌బోర్డు ముందు కౌల్‌లోనే (బానెట్‌కీ విండ్‌షీల్డ్‌కీ మధ్య భాగంలో) ఉంటుంది, 32ది వెనక. ఫ్రేమ్ కిట్‌లోని వెనక ట్యాంకు పారేయకండి, ఈ కారుకి నప్పేది అదే.

ఇంజిన్ మూడో కిట్ నుంచి తెస్తుంటే డిస్ట్రిబ్యూటర్ (స్పార్క్ ప్లగ్‌లకి కరెంటు పంచే భాగం) ఎటు ఉందో చూడండి. షెవర్లే స్మాల్ బ్లాక్ ఇంజిన్‌కి అది వెనక ఉంటుంది, ఫైర్‌వాల్‌కి కొట్టుకునేది అదే. ఫోర్డ్ ఫ్లాట్‌హెడ్ ఇంజిన్‌కి ముందు ఉంటుంది కాబట్టి బ్లాక్‌ని వెనక్కి జరపవచ్చు. రేడియేటర్, బాడీ రెండూ స్థానంలో ఉంచి ఇంజిన్ దించి చూడాలి. ఫ్యాన్ రేడియేటర్‌కి తగిలితే డిస్ట్రిబ్యూటర్ వెనక ఫైర్‌వాల్‌ని కొంచెం లోపలికి గుల్ల చేయండి. పాత మౌంట్లు కోసేసి, కార్బ్యురేటర్ కూర్చునే పీట నేలకి సమాంతరంగా వచ్చే ఎత్తులో స్టైరీన్ దిమ్మలు పెట్టండి. ఇంజిన్ క్రాంక్‌షాఫ్ట్ వెనక్కి ఒకింత వాలితే కంగారు పడొద్దు, అసలు కార్లలోనూ అంతే. ఎడమ ఎగ్జాస్ట్ స్టీరింగ్ బాక్స్‌కి తగలకుండా చూసుకోండి. గేర్‌బాక్స్ మారింది కాబట్టి కిట్ డ్రైవ్‌షాఫ్ట్ పొడవు సరిపోదు. అసలు కారులో 3 అంగుళాల లావు షాఫ్ట్‌కి 1/25లో 3 మి.మీ. రాడ్ సరిపోతుంది.

క్రోమ్ మీదా రంగు మీదా ప్లాస్టిక్ సిమెంట్ పట్టదు. అతికే చోట గీకాలి. భాగం మొత్తం క్రోమ్ వదలాలంటే బట్టల బ్లీచ్‌లో నానబెట్టండి. ఆ బ్లీచ్‌లో యాసిడ్ టాయిలెట్ క్లీనర్ చుక్క కూడా పడకూడదు, క్లోరిన్ వాయువు పుడుతుంది. విండ్‌షీల్డ్‌కి సూపర్ గ్లూ వద్దు, అద్దం తెల్లగా మసకబారుతుంది.

విశాఖ, కాకినాడ వైపు వానాకాలంలో లాకర్ రకం రంగు స్ప్రే చేస్తే గాలిలోని తేమకి రంగు మీద తెల్లని పొగలా పట్టేస్తుంది. పొడి రోజు దాకా ఆగండి.

మెత్తటి వినైల్ టైర్లలోని ప్లాస్టిసైజర్ (మెత్తదనం కోసం కలిపే రసాయనం) నెమ్మదిగా స్టైరీన్‌ని కరిగిస్తుంది. పాత కిట్లలో రిమ్ములు టైర్లకి అతుక్కుపోయేది అందుకే. రిమ్ము అంచు చుట్టూ బేర్ మెటల్ ఫాయిల్ (అంటుకునే పల్చని లోహపు రేకు) ఒక వరస చుట్టి టైరు ఎక్కించండి. మిగిలిన టైర్లను బాడీకి తగలకుండా వేరే కవర్లో పెట్టండి.