బోర్ చేయించిన ఇంజన్‌ని మొదటి 1000 కిలోమీటర్లు ఎలా నడపాలి

కారు ఇంజన్ పని చేయించి, అంటే బోర్ కొట్టించి (పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గోడని చెక్కించి) కొత్త పిస్టన్లు, వాటి చుట్టూ ఉండే రింగులు, బేరింగులు వేయించి బండి షెడ్‌లోంచి బయటికి రాగానే చాలామంది చేసేది ఏంటంటే నలభై దాటనివ్వకుండా భయం భయంగా నడపడం, కొంతమంది మెకానిక్‌లైతే రాత్రంతా స్లోలో, అంటే బండి నిలబెట్టి యాక్సిలరేటర్ తొక్కకుండా, వదిలేయమని కూడా చెప్తారు. దయచేసి ఈ రెండూ చేయకండి. కొత్త రింగులకి మొదటి రోజే కాస్త లోడ్ పడాలి, పడకపోతే పెట్టిన డబ్బంతా పొగలో పోతుంది.

ఎందుకో చెప్తా. లేత్ షాపులో హోనింగ్, అంటే రాపిడి రాళ్ళతో గోడని సాపు చేసినప్పుడు బోర్ గోడ మీద ఒకదాన్నొకటి కోసుకుంటూ సన్నటి గీతలు పడతాయి. ఆ గీతల్లో ఆయిల్ నిలుస్తుంది, గీతల మొనలు రింగు అంచుని అరగదీస్తూ అవీ అరుగుతాయి, అలా రెండూ ఒకదానికొకటి కుదురుకోవాలి. రింగు తన సొంత టెన్షన్‌తో గోడకి ఆనేది కొంచెమే, అసలు గట్టిగా నొక్కేది పెట్రోలో డీజిలో మండినప్పుడు పుట్టే గ్యాస్ ప్రెజర్, అది రింగు వెనక గాడిలోకి దూరి దాన్ని బయటికి తోస్తుంది. స్లోలో ఆ ప్రెజర్ ఎక్కడిది? రింగు సరిగ్గా ఆనదు, గోడ మీద మిగిలిన ఆయిల్ కాలి గాజు పూతలా గట్టిపడిపోతుంది, దాన్నే గ్లేజింగ్ అంటారు. ఒకసారి గ్లేజ్ పట్టిందంటే ఎన్ని వేల కిలోమీటర్లు తిప్పినా రింగులు కూర్చోవు, మళ్ళీ హెడ్ విప్పి హోనింగ్ చేయాల్సిందే. గీతల మొనలు తొందరగానే అరిగిపోతాయి కాబట్టి ఉన్న అవకాశమంతా మొదట్లోనే.

ముందు స్టార్టింగ్ సంగతి. మొదటి ఫిల్‌కి మామూలు మినరల్ ఆయిల్ పోయించండి, మీ బండి మాన్యువల్‌లో ఉన్న గ్రేడ్‌లోనే, 15డబ్ల్యూ-40 లాంటిది. షోరూమ్ కొత్త బండ్లు సింథటిక్‌తోనే వస్తున్నాయి కదా అంటారు, నిజమే, కానీ ఫ్యాక్టరీ హోనింగ్ వేరు మన లేత్ షాపు హోనింగ్ వేరు, అందుకే నా మాట మినరల్‌కే. స్టార్ట్ చేసేముందు ఫ్యూయల్ పంపు ఫ్యూజ్ పీకేసి ఆయిల్ లైట్ ఆరేదాకా సెల్ఫ్ కొట్టాలి, ఒక్కోసారి పది సెకన్లు మించకుండా, మధ్యలో సెల్ఫ్ మోటారు చల్లారనిస్తూ. టర్బో ఉంటే దాని ఆయిల్ పైపులోంచి కొంచెం ఆయిల్ పోసి పెట్టమనండి. రేడియేటర్‌లో బోరుబావి నీళ్ళు పోయొద్దు, కూలెంటే పోసి గాలి పూర్తిగా తీయాలి, ఎందుకంటే కొత్త ఇంజన్ రాపిడికి మామూలు కంటే ఎక్కువ వేడెక్కుతుంది, లోపల గాలి బుడగ ఉండిపోతే హెడ్ గ్యాస్కెట్ పోతుంది.

స్టార్ట్ అయ్యాక ఆయిల్ లైట్, టెంపరేచర్ ముల్లు, కింద లీకులు చూసుకోండి, రేడియేటర్ ఫ్యాన్ ఒకసారి తిరిగి ఆగేదాకా చాలు, అక్కడితో ఆపి చల్లారాక ఆయిల్, కూలెంట్ లెవెల్ మళ్ళీ చూడాలి. అంబాసిడర్ లాంటి పాత పుష్‌రాడ్ ఇంజన్‌లో కొత్త క్యామ్ షాఫ్ట్, ట్యాపెట్లు (వాల్వులని తెరిచే భాగాలు) వేసి ఉంటే మాత్రం స్టార్ట్ అవగానే 2000 నుంచి 2500 ఆర్‌పీఎమ్ మధ్య ఓ ఇరవై నిమిషాలు ఉంచాలి, వాటిలో క్యామ్‌కి ఆయిల్ అందేది క్రాంక్ షాఫ్ట్ తిరుగుతూ చిమ్మితేనే, స్లోలో పెడితే క్యామ్ అక్కడే అరిగిపోతుంది.

ఇక అసలు పని రోడ్డు మీద. తెల్లారుజామున ఖాళీగా ఉన్న రోడ్డు చూసుకోండి, మన ఎండాకాలంలో అయితే మధ్యాహ్నం అస్సలు వద్దు. విజయవాడ ఆటోనగర్‌లో చేయించుకున్నవాళ్ళకి గన్నవరం వైపు హైవే దగ్గరే, లారీలు మొదలవకముందే వెళ్ళాలి. హైదరాబాద్ వాళ్ళు దీనికోసం ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) ఎక్కకండి, స్పీడు తగ్గిస్తూ పెంచుతూ పోతే వెనక వచ్చేవాళ్ళకి ప్రమాదం. ఇంజన్ బాగా వేడెక్కాక మూడో గేరులో 40 నుంచి 70 దాకా యాక్సిలరేటర్ సగం పైన తొక్కి లాగించండి, తర్వాత కాలు పూర్తిగా తీసేసి గేరులోనే ఉంచి మళ్ళీ 40కి రానివ్వండి, ఇలా ఓ పదిసార్లు. కాలు తీసినప్పుడు పెట్రోల్ ఇంజన్‌లో వ్యాక్యూమ్ పెరిగి రింగుల దగ్గరికి ఆయిల్ లాగుతుంది, అరిగిన పొడి కడుక్కుపోతుంది, అందుకే ఈ రెండో సగం కూడా మొదటిదానంత ముఖ్యం. టెంపరేచర్ ముల్లు మామూలు చోటు దాటి పైకి కదిలిందంటే పక్కకి ఆపేయండి, లాగించడం అప్పుడు కాదు.

ఆ రోజే, లేదా 100 కిలోమీటర్ల లోపు, ఆయిల్, ఫిల్టర్ రెండూ మార్చేయాలి. దీనికి పిసినారితనం పడొద్దు, లేత్ షాపు రజను ఎంత కడిగినా కొంత ఉంటుంది, మొదటి అరుగుదల అంతా ఆ ఆయిల్‌లోనే ఉంటుంది. తెల్ల గుడ్డ మీద పోసి చూడండి, సన్నటి మెరుపు మామూలే, గోరుకి తగిలే రేకులు వస్తే బేరింగ్ చూడమనాలి. తర్వాత 500 కిలోమీటర్లు అయ్యాక ఒకసారి, 1000 అయ్యాక ఒకసారి మార్చండి.

1000 అయ్యేదాకా ఒకే స్పీడులో గంటలకొద్దీ పోవద్దు, పెద్ద గేరులో తక్కువ స్పీడులో గుంజుతూ నడపొద్దు, ఫుల్ లోడ్ వేసి ఘాట్ రోడ్డు ఎక్కొద్దు, పెట్రోల్ అయితే 3500, డీజిల్ అయితే 2500 ఆర్‌పీఎమ్ దాటించకండి. షోరూమ్ కొత్త కార్లకి కూడా మారుతి మాన్యువల్‌లో మొదటి 960 కిలోమీటర్లకి దాదాపు ఇవే మాటలు ఉంటాయి. ఏసీ వేసుకోవచ్చు, అదీ లోడే. హెడ్ బోల్టులు 500కి మళ్ళీ టైట్ చేయాలన్నది పాత ఇంజన్ల మాట, ఇప్పటి చాలా ఇంజన్లలో బిగించినప్పుడే సాగే బోల్టులు ఉంటాయి, వాటిని మళ్ళీ తిప్పొద్దు, మీ ఇంజన్‌కి ఏది వర్తిస్తుందో మాన్యువల్ చూపించమని మెకానిక్‌ని అడగండి.

మొదట్లో కొంచెం నీలం పొగ, కొంచెం ఆయిల్ తగ్గడం ఉంటాయి, కంగారుపడి మళ్ళీ విప్పించకండి, రెండు మూడు రోజులకోసారి పొద్దున్నే డిప్ స్టిక్ చూసి రాసుకోండి. తగ్గేది వారం వారం తగ్గుతూ వస్తే రింగులు కూర్చుంటున్నట్టే. తెల్ల పొగ ఆగకుండా వచ్చి కూలెంట్ తగ్గుతుంటే మాత్రం అది రింగుల గొడవ కాదు, వెంటనే షెడ్‌కి తీసుకెళ్ళండి. 1500 దాటాక కూడా ఆయిల్ అంతే తాగుతుంటే కంప్రెషన్ టెస్ట్ చేయించి సిలిండర్ల మధ్య తేడా పది శాతం మించిందేమో చూడమనండి. బ్లాకే మార్చి ఉంటే ఇంజన్ నంబర్ మారుతుంది కాబట్టి ఆర్‌సీలో, ఇన్సూరెన్స్‌లో కొత్త నంబర్ ఎక్కించుకోవడం మర్చిపోకండి, ఆ బ్లాక్ కొన్న బిల్లు కూడా జాగ్రత్తగా దాచండి.