రెక్టర్‌ని టెర్మినల్ నుంచి రన్ చేయడం ఎలా

పాత పీహెచ్‌పీ ప్రాజెక్ట్ ఒకటి నెత్తిన పడిందనుకోండి, దాన్ని కొత్త వెర్షన్‌కి తేవడానికి ఒక్కో ఫైలూ తెరిచి చేత్తో మార్చుకుంటూ కూర్చోనక్కర్లేదు, రెక్టర్ అని ఓపెన్ సోర్స్ టూల్ ఉంది, కమాండ్ లైన్ నుంచే నడుస్తుంది. ఇది ఫైండ్ అండ్ రీప్లేస్ టైపు కాదు, కోడ్‌ని పార్స్ చేసి సింటాక్స్ ట్రీగా (అంటే కోడ్ నిర్మాణాన్ని చూపే చెట్టులా) చేసుకుని అందులో మార్పులు చేస్తుంది, అందుకే అదే ఫంక్షన్ పేరు కామెంట్‌లోనో స్ట్రింగ్‌లోనో ఉన్నా దాని జోలికి పోదు. (కమాండ్లు ఇక్కడ తెలుగులో చెప్తున్నా, మీరు కొట్టేది మామూలుగా ఇంగ్లీష్ అక్షరాల్లోనే.)

ఇన్‌స్టాల్‌కి కంపోజర్ (పీహెచ్‌పీ ప్యాకేజీలు తెచ్చిపెట్టే టూల్) చాలు. కంపోజర్ రిక్వైర్ అని కొట్టి, రెక్టర్ స్లాష్ రెక్టర్ అని ప్యాకేజ్ పేరు ఇచ్చి, చివర్లో డాష్ డాష్ డెవ్ పెట్టండి. ఆ డెవ్ మర్చిపోవద్దు, ప్రొడక్షన్ సర్వర్‌లో దీనికి పనేం లేదు.

ఇప్పుడు ప్రాజెక్ట్ రూట్ ఫోల్డర్‌లో ఉండి వెండర్ స్లాష్ బిన్ స్లాష్ రెక్టర్ అని రన్ చేయండి. మొదటిసారి కాబట్టి కాన్ఫిగ్ ఫైల్ లేదు, తయారు చేయమంటారా అని అదే అడుగుతుంది, ఎస్ అంటే రెక్టర్ డాట్ పీహెచ్‌పీ వస్తుంది. అది తెరిచి విత్ పాత్స్ దగ్గర మీ సొంత కోడ్ ఫోల్డర్లే ఉన్నాయో లేదో చూడండి. కింద విత్ పీహెచ్‌పీ సెట్స్ అనే లైన్ కామెంట్ చేసి ఉంటుంది, ఆ కామెంట్ గుర్తు తీశారంటే కంపోజర్ డాట్ జేసన్‌లో మీరు రాసుకున్న పీహెచ్‌పీ వెర్షన్ చూసి ఆ వెర్షన్ వరకు రూల్స్ వేస్తుంది. చాలామంది దెబ్బతినేది ఇక్కడే: జేసన్‌లో 8.2 అని ఉంటుంది, సర్వర్‌లో చూస్తే ఇంకా 7.4 నడుస్తుంటుంది.

తర్వాత అసలు రన్, కానీ దానికి ముందు గిట్ (కోడ్ మార్పుల చరిత్ర దాచే టూల్) స్టేటస్ కొట్టండి, కమిట్ చేయనివి ఏమైనా ఉంటే ముందు కమిట్ చేసేయండి. నేను ఒకసారి సగం రాసిన ఫీచర్ ఉండగానే తొందరపడి రన్ చేశా, నా మార్పులేవో అది చేసిన మార్పులేవో విడదీయడానికి సాయంత్రమంతా పట్టింది.

సరే, ఇప్పుడు వెండర్ స్లాష్ బిన్ స్లాష్ రెక్టర్, ప్రాసెస్, ఒక చిన్న ఫోల్డర్ పేరు, చివర డాష్ డాష్ డ్రై డాష్ రన్. ఇది ఫైల్స్‌ని ముట్టుకోదు, ఏం మారుస్తుందో డిఫ్ (పాత, కొత్త లైన్ల తేడా) మాత్రం చూపిస్తుంది. ఉదాహరణకి ఈమెయిల్‌లో యాట్ గుర్తు ఉందా అని ఎస్‌టీఆర్‌పాస్ ఫంక్షన్‌తో వెతికి, ఫాల్స్‌కి సమానం కాదు అని పోల్చిన పాత లైన్ ఉంటే, అది మైనస్ గుర్తుతో కనిపిస్తుంది, కింద ప్లస్ గుర్తుతో ఎస్‌టీఆర్ కంటైన్స్ అని పొట్టి లైన్ వస్తుంది. చూడ్డానికి బానే ఉంటుంది గానీ ఆ ఫంక్షన్ పీహెచ్‌పీ 8.0లో వచ్చింది, 7.4 సర్వర్‌లో పెడితే ఫేటల్ ఎర్రరే. ప్రతి డిఫ్ కిందా ఏ రూల్ వల్ల మారిందో పేరు ఉంటుంది, నచ్చకపోతే ఆ రూల్‌ని కాన్ఫిగ్‌లో విత్ స్కిప్‌లో పడేయండి.

అంతా ఓకే అనుకుంటే అదే కమాండ్ డ్రై రన్ తీసేసి కొట్టండి, ఫైల్స్ మారిపోతాయి. టెస్టులు రన్ చేసి, కోడ్ స్టైల్ ఫిక్సర్ ఏదైనా వాడుతుంటే అదీ ఒకసారి నడపండి, ఎందుకంటే రెక్టర్ కొత్తగా రాసిన చోట స్పేసులు, లైన్ బ్రేకులు ఒక్కోసారి మీ స్టైల్‌లో ఉండవు. మొత్తం ప్రాజెక్ట్ ఒకేసారి చేస్తే వందల ఫైల్స్ ఉన్న పుల్ రిక్వెస్ట్ (టీమ్ చూసి ఒప్పుకోవడానికి పంపే మార్పులు) అవుతుంది, అది ఎవరూ చదవరు, చూడకుండా అప్రూవ్ కొట్టేస్తారు. అందుకే నేనైతే ఫోల్డర్‌కో కమిట్ పెడతా.

మెమరీ చాలట్లేదని ఆగిపోతే డాష్ డాష్ మెమరీ డాష్ లిమిట్ పెంచి చూడండి, రిజల్ట్ తేడాగా అనిపిస్తే డాష్ డాష్ క్లియర్ డాష్ క్యాష్.

సీఐలో (కోడ్ పంపినప్పుడల్లా టెస్టులు వాటంతటవే నడిపే వ్యవస్థ) కూడా డ్రై రన్ పెట్టుకోవచ్చు, కాకపోతే మార్చాల్సింది ఏదైనా కనబడితే ఎగ్జిట్ కోడ్ (ప్రోగ్రామ్ ముగిసేటప్పుడు ఇచ్చే నంబర్, సున్నా అంటే అంతా ఓకే) సున్నా రాదు, బిల్డ్ ఫెయిల్ అవుతుంది. అది క్రాష్ అనుకుని టూల్‌ని తీసేయకండి, లాగ్‌లో కాస్త పైకి వెళ్తే డిఫ్ అక్కడే ఉంటుంది.