ఎరవికులం వరయాడులు: రైలు టికెట్ కన్నా ముందు చూసుకోవాల్సిన తేదీ

ఫిబ్రవరిలో మా పక్కింటివాళ్లు విజయనగరం నుంచి మున్నార్ వెళ్లి, వరయాడులనే నీలగిరి కొండమేకలుండే ఎరవికులం జాతీయ పార్కు గేటు మాత్రం చూసి వచ్చారు. ‘స్పెషల్ పర్మిషన్’ ఇప్పిస్తానని ఒక ఏజెంటు తలకి వెయ్యి పట్టుకున్నాడు. పార్కు మూసి ఉంది. ఆ డబ్బు మరి రాలేదు.

పార్కు టికెట్ దరఖాస్తులో కష్టమేమీ లేదు. కేరళ అటవీ శాఖ అధికారిక సైట్‌లో తేదీ, టైమ్ స్లాట్, ఎంతమందో పెట్టి డబ్బు కడితే టికెట్ వస్తుంది. దాంతోపాటు ఆధార్ లాంటి గుర్తింపు కార్డు ఉంచుకోండి. సొంత కారైనా, టాక్సీ అయినా గేటు దగ్గరే ఆగాలి. అక్కణ్ణుంచి పార్కులోని రాజమలకు అటవీ శాఖ బస్సు, ఆపైన కొంచెం నడక. ‘నా జీపులో పైదాకా దింపుతా’ అనేవాణ్ణి నమ్మకండి.

మనవాళ్లు బోల్తాపడేది తేదీ దగ్గరే. వరయాడు చలికాలం చివర్లో ఈనుతుంది. ఒక కాన్పుకి ఎక్కువగా ఒకటే పిల్ల. అందుకని మామూలుగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో సందర్శకులను రానివ్వరు. ఏ రోజు నుంచి ఏ రోజు వరకన్నది ఏటా విడిగా ప్రకటిస్తారు. మనమేమో సంక్రాంతి అయ్యాక వెళ్దామని 60 రోజుల ముందే కేరళ వెళ్లే బొకారో ఎక్స్‌ప్రెస్‌కి రిజర్వేషన్ చేయించేస్తాం. అప్పటికి ఆ ప్రకటన వచ్చి ఉండకపోవచ్చు. బెర్త్ కన్ఫర్మ్ కాగానే యాత్ర ఖాయమనుకుంటాం. ఏజెంటుకి కావలసిందీ అదే. మూసి ఉన్న రోజుల్లో మామూలు సందర్శకులకి డబ్బిచ్చి కొనుక్కునే పర్మిషన్ అంటూ ఏదీ ఉండదు. సైట్‌లో ఆ తేదీ దొరకలేదంటే ఎవడి దగ్గరా దొరకదు.

ఇంకో తికమక. ఊటీ కూడా కలిపి వెళ్లేవాళ్లు 2024 మే నుంచి తీసుకోవాల్సిన ఈ-పాస్ ఇక్కడా చెల్లుతుందనుకుంటున్నారు. అది తమిళనాడు వాళ్లది, బండికిచ్చేది, పైసా కట్టక్కర్లేదు. పార్కు టికెట్ వేరే.

పిల్లలున్న ఇంటివాళ్లకి ఏప్రిల్, మే నయం. తిరిగి తెరిచాక తల్లుల వెనక కూనలు గెంతుతూ రోడ్డు పక్కకే వచ్చేస్తాయి. ముట్టుకోకూడదు, ఏదీ పెట్టకూడదు.

ఇప్పటికే ఫిబ్రవరికి రైలు టికెట్లు తీసేసుంటే టెన్షన్ పడకండి, ప్రయాణం మానుకోనక్కర్లేదు. మాట్టుపెట్టి డ్యామ్, టీ తోటలు ఎటూ ఉన్నాయి. ఏజెంటుకి మాత్రం అడ్వాన్స్ ఇవ్వకండి.