ఏడొస్తే చప్పట్లే

పండక్కి చుట్టాలంతా చేరి, భోజనాలవగానే ఎవరి ఫోన్లో వాళ్ళు మునిగిపోతున్నారా? అందర్నీ గుండ్రంగా కూచోబెట్టి 'ఏడు' ఆట మొదలుపెట్టండి. ఒక్కొక్కరూ వరసగా ఒకటి, రెండు, మూడు అంటూ పోవాలి. 7 ఉన్న అంకె గానీ, ఏడో ఎక్కంలో వచ్చేది గానీ తగిలితే నోరు మెదపకుండా చప్పట్లు కొట్టాలి. 50 లోపు అలాంటివి 11 ఉన్నాయి: 7, 14, 17, 21, 27, 28, 35, 37, 42, 47, 49. అసలు బోల్తా పడేది 27, 28 దగ్గరే. పక్కవాళ్ళు చప్పట్లు కొట్టేశారు కదా, గండం గడిచిందనుకుని 'ఇరవై ఎనిమిది' అని దర్జాగా అనేస్తారు. లెక్కలు బాగా వచ్చినవాళ్ళే ఎక్కువ దొరుకుతారు, ఎందుకో మరి!

తప్పినవాళ్ళని ఆటలోంచి తీసెయ్యకండి, మళ్ళీ ఫోన్ పట్టుకుంటారు. ఒక పొడుపుకథ వెయ్యమనండి, లెక్క మళ్ళీ ఒకటి నుంచి. అందరికీ అలవాటయ్యాక, చప్పట్లు పడ్డప్పుడల్లా వరసని వెనక్కి తిప్పండి. పదిమంది దాకా అయితే ఇది బాగుంటుంది. ఇరవైమంది ఉంటే తమ వంతు వచ్చేలోపు ఆవలింతలొస్తాయి, రెండు జట్లు చేసి అంత్యాక్షరి పెట్టడమే మేలు. కాకపోతే 'ణ'తో మొదలయ్యే పాట ఎక్కణ్ణుంచి తెస్తారు? 'ణ' పడితే 'న', 'ళ' పడితే 'ల' అని ముందే అనుకోండి. మా ఇంట్లో అనుకోలేదు, పెద్ద పంచాయితీ అయింది.