గుడిస, వంజంగి కొండలెక్కే బళ్లకు: తారు రోడ్డు ఎక్కే ముందు బండి కింద చూడండి

ఈ మధ్య మన్యం నుంచి తిరిగొస్తున్న ఒక జీపు ఘాట్ మలుపులో కూలబడింది. ముందు ఎడమ చక్రం బయటికి పడుకుంది. చక్రాన్ని కింద నుంచి పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ చివర ఉండే బాల్ జాయింట్ (గుండ్రటి కీలు) ఊడింది. అదృష్టం కొద్దీ బండి లోయ వైపు కాకుండా కొండ చరియ వైపు ఒరిగింది. రాయి తగిలింది పొద్దున్న. "ఠంగుమని శబ్దం వచ్చింది, బండి బాగానే నడుస్తోంది కదా అని వచ్చేశాం" అన్నారు అందులోవాళ్లు. చక్రం ఊడింది మాత్రం సాయంత్రం, నున్నటి తారు రోడ్డు మీద.

కార్తీకం నుంచి సంక్రాంతి దాకా మబ్బులు చూడ్డానికి వంజంగికి, గుడిసకు బళ్లు బారులు తీరతాయి. వానలకు మట్టి కొట్టుకుపోయి దారిలో రాళ్లు పైకి తేలేదీ అప్పుడే. స్టెప్నీ, తాడు, నీళ్లు నేను చెప్పక్కర్లేదు.

బయల్దేరే ముందు

కంపెనీ చెప్పే గ్రౌండ్ క్లియరెన్స్ (నేల నుంచి బండి అడుగుకు ఎత్తు) చూసి ధైర్యపడకండి. థార్‌కు 226, జిమ్నీకి 210 మిల్లీమీటర్లు అంటారు. జిమ్నీకి ముందూ వెనకా, థార్‌కు వెనక, రెండు చక్రాలనూ కలుపుతూ అడ్డంగా ఒకే యాక్సిల్ (ఇరుసు) ఉంటుంది. దాని ఎత్తును నిర్ణయించేది టైరు సైజు. వేలు పోసి లిఫ్ట్ కిట్ వేయించినా పైకి లేచేది బాడీయే, యాక్సిల్ అక్కడే ఉంటుంది. దానికి కింద బిగించిన షాకబ్జర్ బ్రాకెట్లు కూడా అక్కడే. రాయి ముందు పట్టుకునేది వాటినే. థార్ ముందు భాగం వేరు. చక్రాలు విడివిడిగా ఆడతాయి కాబట్టి నలుగురు ఎక్కి సామాను పెడితే లోయర్ ఆర్మ్‌లు ఆ మేరకు కిందికి దిగుతాయి. ఒట్టి బండితో నిరుడు దాటిన రాయి ఈసారి తగలొచ్చు.

బొలెరో లాంటి కమాన్ కట్టల (లీఫ్ స్ప్రింగుల) బళ్లకు వెనక, కట్టను యాక్సిల్‌కు పట్టించే యూ బోల్టుల బిగింపు మెకానిక్‌కు చూపించండి. అవి వదులైతే కట్టను పట్టి ఉంచే సెంటర్ బోల్టు తెగుతుంది, యాక్సిల్ జరుగుతుంది, బండి వంకరగా నడుస్తుంది.

కింది నట్లన్నిటి మీదా, నట్టునూ పక్కనున్న లోహాన్నీ కలుపుతూ పెయింట్‌తో ఒక గీత గీయండి. నెయిల్ పాలిష్ అయినా చాలు. గీత రెండు ముక్కలైతే నట్టు తిరిగినట్టే. టార్చ్ వేసి చూడ్డానికి ఇంతకన్నా చవకైన ఉపాయం లేదు.

దారిలో

రాయిని రెండు చక్రాల మధ్య వదలాలని చూడకండి, చక్రాన్నే దాని మీదికి ఎక్కించండి. టైరు తట్టుకుంటుంది, టై రాడ్ (స్టీరింగ్‌తో పాటు చక్రాలను తిప్పే కడ్డీ) తట్టుకోదు. గుంతలోకి దిగేటప్పుడు బ్రేకు తొక్కిపట్టి ఉంచితే ముందు భాగం అప్పటికే కుంగి ఉంటుంది, స్ప్రింగుకు ఆడే చోటు మిగలదు. ముందే నెమ్మదించి, సరిగ్గా గుంత దగ్గర బ్రేకు వదలండి. ఫోర్ లో (నాలుగు చక్రాలూ మెల్లగా, బలంగా లాగే గేరు) ఉంటే అది వేసి పాకించండి. ఊపు మీద దూకించడం వీడియోలకు బాగుంటుంది, బుష్‌లకు (కీళ్లలోని రబ్బరు తొడుగులకు) కాదు.

తారు రోడ్డు ఎక్కే ముందు

అసలు సంగతి ఇది. రాళ్ల మీద గంటకు పది కిలోమీటర్ల వేగంలో సగం విరిగిన భాగం కూడా పనిచేస్తున్నట్టే ఉంటుంది. ఘాట్ దిగుతూ బ్రేకు కొట్టినప్పుడు బరువంతా ముందు చక్రాల మీద పడుతుంది, అప్పుడు తెగుతుంది. నేను చూసిన పెద్ద నష్టాలన్నీ రాయి వల్ల కాదు, రాయి తగిలాక దిగి చూడకపోవడం వల్లే. మట్టి అయిపోయి తారు మొదలయ్యే చోట బండి ఆపండి. దిగండి. కింద చూడండి.

ఎడమనీ కుడినీ పోల్చి చూడండి. ఒకవైపు ఆర్మ్ వంగిందా, బాల్ జాయింట్ రబ్బరు చిరిగిందా, షాకబ్జర్ నూనె కక్కిందా? ఎర్రమట్టి పేరుకుంటే పగుళ్లు కనపడవు, నీళ్లు పోసి కడిగి చూడండి. చక్రం లోపలి వైపు గ్రీజు చిమ్మి ఉంటే యాక్సిల్ బూట్ (గ్రీజును పట్టి ఉంచే రబ్బరు తొడుగు) చినిగినట్టే. ఫెండర్ (మడ్‌గార్డు) అంచు నుంచి చక్రం మధ్యకు రెండు వైపులా జానతో కొలవండి. తిన్నటి రోడ్డు మీద స్టీరింగ్ పక్కకు తిరిగి ఉంటే టై రాడ్ వంగిందనే అనుకోండి, ఇంకేం ఆలోచించకండి.

చీకటి పడిందని, పిల్లలు ఏడుస్తున్నారని, అద్దె బండి టైమ్ అయిపోతోందని ఆపకుండా వెళ్లకండి. అద్దె జీపు ఎక్కినవాళ్లు కూడా డ్రైవర్‌ని బండి ఆపి చూడమనండి, మొహమాటం వద్దు.

జాకీని నమ్మి బండి కిందకు దూరకండి. జాకీ ఎత్తే ముందు చక్రాలకు రాళ్లు పెట్టండి.

టైర్లలో గాలి తగ్గించి ఉంటే ఘాట్‌కు ముందే నింపండి. పంపు వెంట లేకపోతే అసలు తగ్గించొద్దు.

వంగిన లోయర్ ఆర్మ్‌ను వేడిచేసి సాగగొట్టించొద్దు. వెల్డింగ్ వద్దు. మార్చండి.

వంగిన టై రాడ్‌ను సుత్తితో సరిచేస్తే దగ్గరి మెకానిక్ దాకా మెల్లగా వెళ్లడానికే. ఇంటిదాకా కాదు.

బాల్ జాయింట్ ఆడుతుంటే ఒక్క కిలోమీటరు కూడా నడపొద్దు. టో చేయించండి, ఆ చక్రం నేల తాకకుండా.

వాగు దాటితే మర్నాడు డిఫరెన్షియల్ (యాక్సిల్ మధ్యలోని గేర్ల పెట్టె) ఆయిల్ చూపించండి. పాలలా తెల్లబడితే నీళ్లు చేరినట్టు.

పైన క్యారియర్ మీద బరువు పెట్టొద్దు.

దారిలో మళ్లీ శబ్దం వస్తే మళ్లీ ఆగండి, మళ్లీ దిగండి. ఇందాక చూశాం కదా అనొద్దు.

ఇంటికొచ్చాక వీల్ అలైన్‌మెంట్ చేయించి, ముందు కొలత, తర్వాత కొలత ఉన్న కాగితం అడిగి తీసుకోండి.